లెక్కలోకి వచ్చిన ఓటు



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో ఆయన మాకు హైస్కూల్లో సోషల్ చెప్పారు. ఎన్నికలు వచ్చాయంటే ఆయనకు డ్యూటీ తప్పేది కాదు. పోలింగ్ రోజు ప్రిసైడింగ్ ఆఫీసరు, ఆ తరవాత కౌంటింగ్ హాల్లో ఒక టేబులు. బ్యాలెట్ కాగితాల రోజులవి. తిరిగొచ్చిన మర్నాడు క్లాసులో మేం అడిగే మొదటి ప్రశ్న, ఎవరు గెలిచారండీ అని. ఆయన చెప్పేవారు కాదు. "అది రేడియోలో వస్తుందిరా, ఎలా లెక్కపెట్టామో అడగండి" అనేవారు. రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన ముద్ర ఎవరిది? కాగితం మడిచినప్పుడు తడి సిరా అవతలి గుర్తుకు అంటుకుంటే ఏది అసలు ముద్రో, ఏది దాని మరకో ఎలా పోల్చాలి? గంటంతా ఇవే. ఒక రైతు పొద్దున్నే నాలుగు మైళ్లు నడిచొచ్చి వేసిన ఓటును మన అజాగ్రత్త వల్ల చెల్లని కట్టలో పడేస్తే, ఆయన నడిచిన నాలుగు మైళ్లూ మనం చెరిపేసినట్టేనని ఆయన చెప్పిన రోజు నాకింకా గుర్తు.

ఈ సభకు నన్ను పిలిచినప్పుడు మన రాష్ట్రాల ఎన్నికల గురించి మాట్లాడతానని అందరూ అనుకొని ఉంటారు. నేను కెనడా పడమటి తీరాన ఉన్న బ్రిటిష్ కొలంబియా గురించి మాట్లాడతాను. మనం రాష్ట్రం అనేదాన్ని వాళ్లు ప్రావిన్స్ అంటారు, ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు. మా అమ్మాయి అక్కడ సర్రే నగరంలో ఉంటోంది. 2024 అక్టోబరులో శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అయితే మొదట చెప్పాల్సింది దానికి ముందు 2017లో జరిగిన ఎన్నిక సంగతి. మాస్టారు బతికుంటే ఆ ఎన్నికను పాఠంగా చెప్పేవారు.

అప్పట్లో అక్కడి శాసనసభలో 87 స్థానాలు. మెజారిటీకి 44 కావాలి. మే 9న పోలింగ్ జరిగింది. ఆ రాత్రి లెక్క ముగిసేసరికి పదహారేళ్లుగా అధికారంలో ఉన్న లిబరల్ పార్టీకి 43, న్యూ డెమొక్రాట్లకు 41, గ్రీన్ పార్టీకి 3. పేరు ఒకటే అయినా ఆ లిబరల్ పార్టీకి కెనడా జాతీయ లిబరల్ పార్టీతో సంబంధం ఉండేది కాదు. ప్రీమియర్ క్రిస్టీ క్లార్క్‌కు ఒక్క స్థానం తగ్గింది. రాష్ట్రం మొత్తం మీద రెండు పెద్ద పార్టీలకూ నలభై శాతం చొప్పున ఓట్లు పడ్డాయి. చివరి లెక్కకు పంతొమ్మిది లక్షలకు పైగా ఓట్లు తేలిన చోట ఆ రెండు పార్టీల మధ్య తేడా పదహారు వందల ఓట్లు కూడా లేదు.

వాంకూవర్ ద్వీపం తూర్పు ఒడ్డున కోర్ట్‌నే-కోమాక్స్ అనే నియోజకవర్గం ఉంది. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది. లిబరల్ అభ్యర్థి ఆ స్థావరానికి ఒకప్పటి కమాండర్. ఆ రాత్రి లెక్క ప్రకారం న్యూ డెమొక్రాట్ అభ్యర్థి తొమ్మిదే తొమ్మిది ఓట్లతో ముందున్నారు. ఆ తొమ్మిదీ అటు తిరిగితే లిబరల్స్‌కు 44. ప్రభుత్వం నిలబడినట్టే. కానీ లెక్క అప్పటికి పూర్తి కాలేదు.

అక్కడి అప్పటి పద్ధతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా అందులోనే ఉంది. బ్రిటిష్ కొలంబియాలో ఓటరు తన సొంత నియోజకవర్గంలో లేకపోయినా, రాష్ట్రంలో ఎక్కడున్నా దగ్గర్లోని కేంద్రానికి వెళ్లి ఓటెయ్యవచ్చు. 2017లో అలాంటి ఓటరు ఖాళీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు తానే రాసేవాడు. ఆ కాగితాన్ని ఒక కవరులో పెట్టేవారు, దాన్ని ఓటరు వివరాలున్న మరో కవరులో పెట్టేవారు. అవన్నీ ఓటరు సొంత నియోజకవర్గానికి చేరాలి. ఈ మనిషి ఇప్పటికే ఇంకోచోట ఓటు వేశాడా అని చూడాలి. వెయ్యలేదని తేలాక పై కవరు విప్పి, పేరులేని లోపలి కవరును మిగతా వాటిలో కలిపేసి, అప్పుడు లెక్కపెట్టాలి. ఎవరు ఎవరికి వేశారన్నది ఎవరికీ తెలియకూడదు, ఎవరి ఓటూ పోకూడదు, ఎవరిదీ రెండుసార్లు పడకూడదు. ఈ మూడూ ఒకేసారి నిలబెట్టడానికే ఆ రెండు కవర్లు. అలాంటి ఓట్లు ఆ ఏడాది లక్షా డెబ్బై వేలకు పైనే వచ్చాయి.

వాటి లెక్క మొదలయ్యింది మే 22న, అంటే పోలింగ్ అయిన పదమూడు రోజులకు. ఆ పదమూడు రోజులూ రాష్ట్రానికి తన ప్రభుత్వం ఎవరిదో తెలియదు. మన దగ్గర మధ్యాహ్నానికి అంకెలు తేలకపోతేనే టీవీ ముందు నిలవలేం. మూడు రోజుల లెక్క తరవాత మే 24న కోర్ట్‌నే-కోమాక్స్‌లో ఆ తొమ్మిది కాస్తా 189 అయింది. సభలో 43, 41, 3 అన్న అంకెలు మాత్రం కదల్లేదు.

అక్కడితో ఫలితం వచ్చేసినట్టా? రాలేదు. మే నెలాఖరులో న్యూ డెమొక్రాట్ నాయకుడు జాన్ హోర్గన్, గ్రీన్ నాయకుడు, వాతావరణ శాస్త్రవేత్త కూడా అయిన ఆండ్రూ వీవర్ ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. విశ్వాసానికీ బడ్జెట్‌కూ మద్దతిస్తాం, మంత్రి పదవులు మాకొద్దు అన్నది గ్రీన్స్ షరతు. ఏ విషయంలో మద్దతిస్తారో, ఏ విషయంలో ఇవ్వరో కాగితం మీద పెట్టి జనం ముందు ఉంచారు. క్లార్క్ రాజీనామా చెయ్యలేదు. సభను ఎదుర్కొంటానన్నారు. జూన్ 29న విశ్వాస ఓటింగ్ జరిగింది. 44కి 42. ఒక లిబరల్ సభ్యుడు స్పీకర్ కుర్చీలో ఉన్నందువల్ల ఆ పక్షం 42కి తగ్గింది. ప్రభుత్వం పడిపోయింది.

ఆ సాయంత్రమే క్లార్క్ లెఫ్టినెంట్ గవర్నర్ జుడిత్ గిషాన్ దగ్గరికి వెళ్లి సభను రద్దు చేసి మళ్లీ ఎన్నికలు పెట్టమని కోరారు. గిషాన్ నికోలా లోయలో పశువుల పెంపకం చేసే రైతు. రాజకీయాల మనిషి కాదు. ఆమె ఆ కోరిక మన్నించలేదు. హోర్గన్‌ను పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమన్నారు. జులై 18న ఆయన ప్రమాణస్వీకారం చేశారు. పోలింగ్ రోజునుంచి లెక్కేస్తే సరిగ్గా డెబ్బయ్యో రోజు.

ఆమె చేసింది సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ప్రీమియర్ సలహాను లెఫ్టినెంట్ గవర్నర్ కాదనడం అరుదు, దాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ప్రజలు ఏడు వారాల కిందటే ఓటేశారు. ఎన్నుకున్న సభ పని చెయ్యగలిగిన స్థితిలోనే ఉంది. ఆ సభను ఒక్క బడ్జెట్ కూడా చూడకుండా ఇంటికి పంపితే ఆ రెండు కవర్లు విప్పి లెక్కపెట్టిన లక్షా డెబ్బై వేల ఓట్లకు అర్థమేముంది? ఆ తరవాత స్పీకర్ పదవి తీసుకున్నందుకు డారిల్ ప్లేకస్ అనే సభ్యుణ్ణి లిబరల్స్ పార్టీలోంచి వెళ్లగొట్టారు. అంటే అంతా మర్యాదగానే సాగిందని నేననడం లేదు. అయినా అంత సన్నని ఆధారం మీద నిలిచిన ఆ ప్రభుత్వం మూడేళ్లకు పైగా నడిచింది. 2020లో హోర్గన్ 57 స్థానాలతో తిరిగి గెలిచారు.

అక్కడి ఓటుకూ సీటుకూ పొంతన కుదరకపోవడం కొత్త కాదు. 2017లో గ్రీన్స్‌కు పడిన ఓట్లు దాదాపు పదిహేడు శాతం, వచ్చినవి మూడే సీట్లు. 1996లో లిబరల్స్‌కు ఎక్కువ ఓట్లు పడినా గెలిచింది న్యూ డెమొక్రాట్లు, 39కి 33. ఐదేళ్లకు 2001లో అదే న్యూ డెమొక్రాట్లకు 79 స్థానాల్లో మిగిలినవి రెండు. అప్పటి వాళ్ల ప్రీమియర్ ఉజ్జల్ దోసాంజ్, పంజాబులో పుట్టి కెనడాలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లదే సీటు అన్న ఈ పద్ధతి మార్చాలా అని 2005లో జనాన్ని అడిగితే 57 శాతం పైన అవునన్నారు, అరవై కావాలన్న నిబంధన వల్ల ఆగిపోయింది. 2018లో అడిగితే 61 శాతం పాత పద్ధతే చాలన్నారు. నాకైతే మార్చడమే మంచిదనిపిస్తుంది. అది వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు సర్రేకి వస్తాను. 2024 అక్టోబరు 19, శనివారం. తెల్లవారుజామునుంచి ఆగని వాన. పసిఫిక్ మీదినుంచి వచ్చే వానమేఘాల ధారను అక్కడివాళ్లు ఆకాశంలో నది అంటారు. రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. మా అమ్మాయికి అప్పటికి పౌరసత్వం రాలేదు కాబట్టి ఓటు లేదు. కెనడాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు పిల్లల్లో చాలామంది పరిస్థితి అదే. అక్కడ పన్ను కడతారు, ఓటు ఉండదు. పక్కింటి పంజాబీ పెద్దాయన మాత్రం గొడుగేసుకుని, కర్ర పట్టుకుని బయల్దేరారు. కొంచెం తెరిపి ఇచ్చాక వెళ్లొచ్చు కదా అని మా అమ్మాయి అంది. ఆయన నవ్వి, మా నాన్న వానలో వెయ్యడానికి కూడా ఓటు లేనివాడమ్మా అన్నారు.

ఆ మాట వెనక ఉన్న చరిత్రను ఆ తరవాత నేను చదువుకున్నాను. 1907లో ఆ రాష్ట్ర శాసనసభ భారతదేశం నుంచి వచ్చినవాళ్లకు ఓటు తీసేసింది. చట్టంలో వాడిన మాట హిందువులు అని, నిజానికి వాళ్లలో చాలామంది సిక్కులు. చైనీయులకు, అక్కడి ఆదివాసులకు 1870లలోనే పోయింది, జపనీయులకు 1895లో. అప్పట్లో రాష్ట్ర ఓటరు జాబితానే దేశ ఎన్నికలకూ ఆధారం కాబట్టి ఆ ఓటు కూడా పోయింది. ఓటరు జాబితాలో పేరు లేనివాడు లాయరు కాలేడు, ఫార్మసిస్టు కాలేడు. కలపమిల్లులో దుంగలు లాగడానికి మాత్రం జాబితా అడగరు. 1914లో కోమగాటమారు ఓడలో వచ్చిన 376 మందిలో దాదాపు అందర్నీ వాంకూవర్ రేవులోంచి వెనక్కి తిప్పి పంపిన ప్రాంతం ఇదే. వాంకూవర్‌లోని ఖాల్సా దివాన్ సొసైటీ, భారతదేశం నుంచి వెళ్లిన న్యాయవాది డి.పి. పాండియా, మిల్లు కూలీలు, కార్మిక సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి పోరాడాక 1947లో ఆ ఓటు తిరిగొచ్చింది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం. మరుసటి శాసనసభ ఎన్నిక 1949 జూన్‌లో. పక్కింటాయన తండ్రి మొదటి ఓటు అదే. ఆదివాసులకూ ఆ ఏడాదే ఓటు వచ్చింది, నిస్గా జాతికి చెందిన ఫ్రాంక్ కాల్డర్ ఆ ఎన్నికలోనే గెలిచి సభలోకి వచ్చారు.

2024లో మొత్తం 93 స్థానాలు, మెజారిటీకి 47. ఆ రాత్రి లెక్కకు డేవిడ్ ఈబీ నాయకత్వంలోని న్యూ డెమొక్రాట్లకు 46, ఈసారి వాళ్లకు ప్రధాన ప్రత్యర్థులైన, జాన్ రుస్టాడ్ నాయకత్వంలోని కన్సర్వేటివ్‌లకు 45, గ్రీన్స్‌కు 2. మళ్లీ ఒక్కటే తక్కువ. మా అమ్మాయి వాళ్లుండేది సర్రే-గిల్డ్‌ఫర్డ్‌లో. అక్కడ కన్సర్వేటివ్ అభ్యర్థి 103 ఓట్లు ముందున్నారు. తపాలా ఓట్లు లెక్కిస్తుంటే అది 12కి దిగింది. అక్టోబరు 28న చివరి కవర్లు విప్పాక న్యూ డెమొక్రాట్ అభ్యర్థి 27 ఓట్లతో ముందుకొచ్చారు. న్యాయమూర్తి ఎదుట రీకౌంటింగ్ జరిగింది. తేలింది 22. ఆ 22 ఓట్లతో ఈబీకి 47.

ఇంకొక సంగతి నన్ను కదిలించింది. ఈలోగా ఎన్నికల సంస్థ తానే ఒక ప్రకటన చేసింది. ప్రిన్స్ జార్జ్-మెకెంజీ నియోజకవర్గంలో 861 ఓట్లున్న ఒక పెట్టె లెక్కకు రాకుండా మిగిలిపోయిందని. దాంతో అక్కడ గెలుపు మారేది కాదు. ఎవరూ అడగకముందే బయటపెట్టారు, ఆ పెట్టెను లెక్కించారు. ఫలితం మారదు కదా, ఎందుకులే అనుకోలేదు. అది చదివిన రోజు మాస్టారు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

కథ అక్కడితో ముగియలేదు. న్యూ డెమొక్రాట్లలో ఒకరు స్పీకర్ కావాలి. అలా అయినవారు రాజ్ చౌహాన్. పంజాబునుంచి వలస వెళ్లి, 1980లో పొలం కూలీలకు సంఘం కట్టిన మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటే సభలో ప్రభుత్వానికి 46, ప్రతిపక్షాలకు 46. ఓట్లు సరిసమానమైతే స్పీకర్ ఓటే దిక్కు. 2025 మే నెలలో అలాగే జరిగింది. పెద్ద నిర్మాణ ప్రాజెక్టులకు అనుమతులు త్వరగా ఇచ్చే 15వ నంబరు బిల్లు 46-46 దగ్గర ఆగింది. చౌహాన్ ఓటుతో గట్టెక్కింది. 1907లో ఏ సభ భారతీయుల ఓటు తీసేసిందో ఆ సభలోనే నిర్ణయం ఒక భారతీయుడి ఓటు మీద ఆగింది. ఇది చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

కానీ సగమే చెప్పి ఊరుకుంటే మాస్టారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆ బిల్లును గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఆదివాసీ నాయకులున్నారు. ఆ రాష్ట్రంలో చాలా భూమికి వాళ్లతో ఎప్పుడూ ఒప్పందమే కాలేదు. వాళ్ల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటనను 2019లో చట్టంగా చేసిన మొదటి కెనడా ప్రావిన్స్ అదే. ఆ చట్టం ప్రకారం మాతో ముందు మాట్లాడాల్సింది, సరిగా మాట్లాడకుండానే బిల్లు తెచ్చారని వాళ్లన్నారు. మన పంజాబీ కూలీలతో దాదాపు ఒకే కాలంలో ఓటు సంపాదించుకున్నవాళ్లు వాళ్లు. నాకు ఆ మాట సమంజసంగానే తోచింది.

నేను తిరిగొచ్చేముందు పక్కింటాయనకు చెప్పి వద్దామని వెళ్లాను. సర్రే-గిల్డ్‌ఫర్డ్ ఇరవై రెండు ఓట్ల సంగతి మాట్లాడుకున్నాం. ఎవరికి వేశారని నేనడగలేదు. ఆయన చెప్పలేదు.