తెర మీది నేరం, ఫైలులోని కాగితం

(మైనారిటీ హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సదస్సులో టీవీ నేర కార్యక్రమాలను గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. వక్ఫ్ భూముల సమస్య ఉన్నది, ఉపకార వేతనాల సమస్య ఉన్నది, ఈ కాలక్షేపపు విషయం మనకెందుకని అడిగారు. కానీ మన పిల్లలు చట్టాన్ని గురించి ఎక్కువగా నేర్చుకుంటున్నది ఈ కార్యక్రమాల నుంచే. నిందితుడంటే ఎవరు, నేరం రుజువు కావడమంటే ఏమిటి అన్న ప్రశ్నలకు వారికి దొరుకుతున్న జవాబులు తెర మీదివే. కనుక దీనిని కూడా హక్కుల విషయంగానే పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా వీటి ఆకర్షణను ఒప్పుకుందాం. మేమూ చూస్తాం. చిక్కుముడి ఒకటి కళ్ళముందు పెట్టి, గంటలో విప్పుతామంటే లేచి వెళ్ళడం ఎవరికైనా కష్టమే. స్త్రీలు వీటిని ఎక్కువగా చూస్తారని కొందరు మగవారు ఎగతాళి చేస్తుంటారు. అది తగని మాట. ప్రమాదం ఏ ముఖంతో వస్తుందో, ఎంత దగ్గరి మనిషి నుంచి వస్తుందో తెలుసుకోవాలన్న జాగ్రత్త ఆ చూపులో ఉంటుంది. మన ఇళ్ళలో దీనికి మరొక కారణం కూడా ఉన్నది. ఎక్కడో ఘోరం జరిగిందని వినగానే, నిందితుని పేరు తెలిసేవరకు మనం ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటాం. పేరు మనవాళ్ళది కాకపోతే అల్‌హందులిల్లాహ్ అనుకొని ఛానెల్ మారుస్తాం. మనవాళ్ళదైతే శబ్దం తగ్గిస్తాం, పిల్లవాణ్ణి ఆ పూట బజారుకు పంపడానికి వెనుకాడతాం. ఇతరులకు ఇది వినోదమైతే, మనకు వాతావరణ సూచన వంటిది.

మన దేశంలో ఈ తరహా కార్యక్రమాలకు ఊపు తెచ్చినది 1998లో జీ టీవీలో మొదలైన ‘ఇండియాస్ మోస్ట్ వాంటెడ్’. దాని నిర్వాహకుడు సుహైబ్ ఇల్యాసీ దేశమంతటా ఇంటింటి మనిషి అయ్యారు. తరువాత ఆయనే భార్య మరణానికి సంబంధించిన కేసులో నిందితుడై, 2017లో యావజ్జీవ శిక్ష పొంది, 2018లో ఢిల్లీ హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. క్రింది కోర్టు తీర్పే చివరి మాట కాదనడానికి ఆయన జీవితమే ఉదాహరణ. ఆ తరువాత సోనీలో ‘క్రైమ్ పెట్రోల్’ వచ్చింది, తెలుగు ఛానెళ్ళలో రాత్రిపూట నేర కథనాలు వచ్చాయి. వీటిలో చాలావాటికి ఒకటే పునాది, పోలీసులు చెప్పిన కథ. ఒకటే ముగింపు, అరెస్టు.

తెలుగు వార్తలలో ఒక వాక్యం మనకు కంఠతా వచ్చు. ‘నిందితులను మీడియా ముందు ప్రవేశపెట్టారు.’ రాజ్యాంగంలోని 22వ అధికరణం చెప్పినది 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచమని. ముసుగులు తొడిగి కెమెరాల ముందు వరుసగా నిలబెట్టమని ఏ అధికరణమూ చెప్పలేదు. ‘నేరం అంగీకరించాడు’ అన్నది ఇంకొక వాక్యం. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను అదే చెబుతున్నది. న్యాయస్థానంలో చెల్లని ఆ మాట తెర మీద మాత్రం పెద్ద అక్షరాలతో చెల్లుతుంది. పోలీసులు విలేకరులతో ఏ మేరకు మాట్లాడాలో నిబంధనావళి తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించవలసి వచ్చిందంటే వ్యవహారం ఎంతవరకు పోయిందో ఊహించవచ్చు.

అరెస్టుతో ముగిసే కథ ఎంత అసంపూర్ణమో హైదరాబాదు వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2007 మే 18, శుక్రవారం నాడు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. తరువాతి పోలీసు కాల్పులలో మరికొందరు పోయారు. ఆ ఏడాది పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకొనిపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ విచారించి, వారిని హింసించారన్న ఆరోపణలకు ఆధారముందని నివేదిక ఇచ్చారు. చివరకు ప్రభుత్వమే 70 మందికి పరిహారం ప్రకటించింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవై వేల చొప్పున. వాటితోపాటు మంచి నడవడిక పత్రాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. బాంబు కేసులో మరికొందరి మీద నడిచిన విచారణ 2018 ఏప్రిల్‌లో వారందరినీ నిర్దోషులుగా వదిలివేయడంతో ముగిసింది. చనిపోయినవారి కుటుంబాలకు ఎవరు చేశారన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన రోజులలో మేము నడవడిక పత్రాలెన్నో వ్రాశాము. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనేవారు తెచ్చుకొనే కాగితం అది. పట్టుకొనిపోయి వదిలిపెట్టిన మనిషికి అదే కాగితం ఇవ్వవలసి రావడాన్ని మించిన కథాంశం ఏ నేర కార్యక్రమానికి కావాలి? అయినా ఆ అరెస్టులకు దొరికినంత సమయం ఆ పత్రాలకు తెర మీద దొరకలేదు.

తెర మంచి చేసిన సందర్భాలు లేవని కాదు. అమెరికాలో 1988లో వచ్చిన ‘ది థిన్ బ్లూ లైన్’ అనే డాక్యుమెంటరీ సాక్షుల అబద్ధాలను బయటపెట్టిన తరువాత, 1989లో రాండల్ డేల్ ఆడమ్స్ అనే ఖైదీ విడుదలయ్యారు. ఒకప్పుడు అతనికి మరణశిక్ష పడింది. అంటే దర్శకుడు ఓపికపడితే కెమెరా కూడా వకీలు పని చేయగలదు. అటువంటిదే, అయితే అంత సులువుగా తేలని కేసు ఒకటి ఉన్నది. దానిని కొంచెం వివరంగా చెబుతాం. మన యువకులలో చాలామంది దానిని చూసినవారే.

బాల్టిమోర్ ప్రాంతంలో 1999 జనవరి 13న హే మిన్ లీ అనే కొరియా మూలాలున్న 18 ఏళ్ళ విద్యార్థిని కనిపించకుండా పోయింది. ఫిబ్రవరిలో ఒక పార్కులో శవం దొరికింది. ఆమెతో అంతకుముందు స్నేహంగా ఉండిన అద్నాన్ సయ్యద్ అనే 17 ఏళ్ళ కుర్రవాణ్ణి అరెస్టు చేశారు. పాకిస్తాన్ నుంచి వలస వెళ్ళిన కుటుంబం వాళ్ళది. బెయిలు విచారణకు మసీదు పెద్దలు, ఇరుగుపొరుగు కోర్టు నిండా వచ్చి నిలిచారు. ఇంతమంది అండ ఉన్నవాడు పారిపోగలడని ప్రాసిక్యూషన్ ఆ అండనే వ్యతిరేక వాదంగా మార్చింది. ప్రేమలో విఫలమైన పాకిస్తానీ యువకులు హత్యచేసి పారిపోయే ధోరణి ఒకటున్నదని కూడా చెప్పి, ఆధారం లేదని తేలాక క్షమాపణ చెప్పుకున్నది. బెయిలు రాలేదు. 2000లో యావజ్జీవం, దానిపైన మరో 30 ఏళ్ళు శిక్ష పడింది.

కుటుంబానికి ఆత్మీయురాలైన న్యాయవాది రబియా చౌదరి ఆ కేసు కాగితాలను పట్టుకొని సారా కేనిగ్ అనే విలేకరి దగ్గరకు వెళ్ళారు. 2014లో ‘సీరియల్’ అనే ధ్వని కార్యక్రమం వెలువడింది. మన ఇళ్ళలో సీరియల్ అంటే వేరే అర్థమున్నా, అదీ వారం వారం సస్పెన్స్‌తోనే నడిచింది. 2019 మార్చిలో హెచ్‌బీఓ నాలుగు భాగాల డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. తొలి భాగానికి రెండు రోజుల ముందే మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం అద్నాన్‌కు కొత్త విచారణ అక్కరలేదని తేల్చింది. ప్రపంచమంతా చూస్తున్నా తీర్పు ఇటే వచ్చింది.

మా బోటి పాత గుమాస్తాను ఈ కేసులో నిలబెట్టివేసినది ఒక ఫ్యాక్సు పైకాగితం. ఫోను రికార్డుల ఆధారంగా, ఆ సాయంత్రం నిందితుడు పార్కు దగ్గర ఉన్నాడని ప్రాసిక్యూషన్ వాదించింది. ఆ రికార్డులతో పాటు ఫోను కంపెనీ పంపిన పైకాగితం మీద, లోపలికి వచ్చిన కాల్స్ విషయంలో స్థలం వివరాలను నమ్మడానికి వీల్లేదన్న హెచ్చరిక అచ్చులో ఉన్నది. ఆ సాక్ష్యాన్ని ప్రశ్నించవలసిన డిఫెన్సు వకీలు దానిని అడగనే లేదు. ఏ కార్యాలయంలోనైనా పైకాగితాన్ని చింపి బుట్టలో వేస్తారు, అసలు సంగతి లోపల ఉంటుందనుకుంటారు. 2016లో ఒక న్యాయమూర్తి ఈ కారణం మీదనే కొత్త విచారణకు ఆదేశించారు. ఆ ఆదేశమే పైకోర్టులలో నలిగి 2019లో పోయింది.

2022 సెప్టెంబరులో శిక్ష రద్దయింది. అందుకు ఆధారంగా చూపినవి ప్రాసిక్యూషన్ ఫైలులోనే పడి ఉన్న చేతివ్రాత నోట్సు. అవి మరొకరి మీదికి అనుమానం మళ్ళిస్తున్నాయని, డిఫెన్సుకు ఎన్నడూ ఇవ్వలేదని అప్పటి ప్రాసిక్యూటర్లే కోర్టుకు చెప్పారు. అద్నాన్ 23 ఏళ్ళ తరువాత ఇంటికి వెళ్ళాడు. కథ సుఖాంతమని చాలామంది టీవీ కట్టేశారు.

కానీ హే మిన్ లీ సోదరుడికి ఆ విచారణ సంగతి శుక్రవారం తెలిపి సోమవారం హాజరు కమ్మన్నారు. ఇది తనకు వినే కార్యక్రమం కాదని, జీవితమని ఆయన కోర్టుకు చెప్పుకున్నారు. సరైన నోటీసు ఇవ్వలేదన్న ఆయన వాదనను పైకోర్టులు 2023లోనూ 2024లోనూ అంగీకరించి శిక్షను పునరుద్ధరించాయి. 2025లో కొత్త ప్రాసిక్యూటరు మునుపటి రద్దు పిటిషనులో తప్పుడు మాటలున్నాయని దానిని ఉపసంహరించుకున్నారు. మైనరుగా ఉన్నప్పుడు శిక్షపడినవారికి ఉద్దేశించిన చట్టం కింద కోర్టు గడిపిన కాలాన్నే శిక్షగా భావించి అద్నాన్‌ను బయటే ఉండనిచ్చింది. నేర నిర్ధారణ మాత్రం నిలిచే ఉన్నది.

అద్నాన్ నేరం చేశాడా లేదా అని మమ్మల్ని అడగవద్దు. అతని విచారణ సక్రమంగా జరగలేదని మాత్రం చెప్పగలం. ఆ రెండూ వేరు. మన యువకులలో కొందరు ఆ చిత్రం చూసి, పేరు అద్నాన్ కనుక నిర్దోషే అని ఖాయం చేసుకున్నారు. పేరు చూసి దోషి అనేవారి మీద మన ఫిర్యాదు ఏమిటో, ఇదీ అదే కొలమానం. సొంతవారికి వ్యతిరేకంగానైనా న్యాయం పక్షాన నిలవమన్న ఆదేశం అన్నిసా సూరాలో మనకే వచ్చింది. ఇక్కడే ఈ డాక్యుమెంటరీల పెద్ద లోపం కనబడుతుంది. ఆ అమ్మాయి డైరీలోని మాటలను బొమ్మలుగా మలచి చూపారు. ఆమె కుటుంబం అందులో పాల్గొనలేదు. ‘ఎవరు’ అనే ప్రశ్న ముందు ‘ఎవరిని పోగొట్టుకున్నారు’ అనే ప్రశ్న చిన్నబోయింది. మక్కా మసీదు కుటుంబాల దుఃఖాన్ని ఎవరైనా వారిని అడగకుండా నాలుగు భాగాలుగా చూపితే మనమెలా ఉంటాం?

కనుక ఈ కార్యక్రమాలను మానమని మేము చెప్పడం లేదు. ఇంట్లో కలిసి చూసేటప్పుడు పిల్లలతో మాట్లాడండి. ఈ మాట ఎవరు చెప్పారు, పోలీసులా సాక్షా? కథ ఏ దశలో ఆగింది, అరెస్టా, అభియోగపత్రమా, తీర్పా? అవతలి వకీలును తెర మీద చూపారా? ఈ మూడు ప్రశ్నలు పదో తరగతి పిల్లలు కూడా అడగగలరు.

కేసు మన గుమ్మంలోకే వచ్చినప్పుడు మొదట చేయవలసినది కాగితాలు చేతపట్టుకోవడం. ఉగ్రవాదం, లైంగిక నేరాల వంటి కేసులు మినహా, ఎఫ్ఐఆర్‌ను 24 గంటలలో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. అభియోగపత్రం, దానితోపాటు ఉన్న పత్రాల నకళ్ళు నిందితునికి ఉచితంగా ఇవ్వవలసినవి. వకీలు ఖర్చు భరించలేనివారు 15100కు ఫోను చేస్తే న్యాయసేవల సంస్థ సహాయం అందుతుంది. విలేకరి మైకు పెట్టినప్పుడు ఆవేశంగా మాట్లాడడం కన్నా, ఏ కాగితం ఏ తేదీన అందిందో ఒక నోటు పుస్తకంలో వ్రాసి పెట్టుకోవడం మేలు. పైకాగితంతో సహా.

అటువంటి కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే, సభ ముగిసిన తరువాత ఆ మూల బల్ల దగ్గరకు తీసుకొని రండి. మేము, మరో ఇద్దరు విశ్రాంత ఉద్యోగులు మగ్రిబ్ నమాజు వరకు అక్కడే కూర్చుంటాం. అసలు ప్రతులు మాకు ఇవ్వవద్దు, జిరాక్సులు చాలు.