కంఠములోని తిత్తి



భోజనమైనదని చేయి కడుగుకొని నడుము వాల్చిన వృద్ధునకు, గంటకో రెండు గంటలకో, తిన్న మెతుకులే పులుపుగాని చేదుగాని లేక నోటికి తిరిగివచ్చుట మీలో కొందరు చూచియుందురు. దానిని వాంతి యందురు, కాదు. కడుపులో పడినదైనచో పులిసి వచ్చెడిది. ఇది కడుపును చేరనేలేదు. మరి యెక్కడ నిలిచినది?

గొంతునకు అడుగున, అన్నవాహిక మొదలగు చోట, ఉంగరమువంటి కండరమొకటి కలదు. మ్రింగునప్పుడది వదులై దారి యిచ్చి, వెంటనే బిగియును. వయసు మీరినవారిలో కొందరికిది చాలినంత వదులుకాదు. దానికి కొంచెము పైగా, వెనుకవైపున, కండ పలుచనైన తావు కలదు. తూము తలుపు సరిగా లేవక కాలువ నీరు ఎగదన్నినచో, గట్టు మెత్తనైన చోటనే గదా దెబ్బతినును! అటులే ఇచ్చటి లోపలిపొర వెనుకకు ఉబ్బి, ఏండ్లమీద తిత్తి యగును. మెతుకులేకాక, వేసికొన్న మాత్రలును అందులో దాగును. త్రాగునప్పుడు మెడలో గుడగుడ, నోటి దుర్వాసన, రాత్రి దగ్గు, దేహము చిక్కుట దీని గురుతులు. నిద్రలో తిత్తిలోనిది ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగుట అన్నిటికంటె భయంకరము. అందుచేతనే, ముసలితనపు దగ్గులే యని ఇంటివారు ఊరకుండుట నాకు సరిపడదు.

1764లో బ్రిస్టలు నగరపు శస్త్రవైద్యుడు లడ్లో దీనిని వర్ణించెను. 1877లో జర్మనీ దేశమున జెంకరు, జీమ్సెను అను పండితులు ఇట్టి రోగుల వృత్తాంతములను కూర్చి ప్రకటించిరి. పేరు జెంకరుకు దక్కినది. లడ్లోకు, పాపము, దక్కలేదు.

చిరకాలము మెడను కోసి తిత్తిని తీయుటయే మార్గము. కంఠస్వరమును నడపు నరము ఆ ప్రక్కనే యుండును; రోగులా, వృద్ధులు. 1917లో బోస్టను వైద్యుడు మోషరు మెడ జోలికి పోక, నోటిగుండానే పని ముగింపజూచెను. తిత్తికిని అన్నవాహికకును నడుమ గోడ యొకటి కలదు. బిగిసిన కండరమున్నది ఆ గోడలోనే. గోడను చీల్చినచో తిత్తి అన్నవాహికలో కలిసిపోవును, కండరపు బిగియు సడలును. ఆలోచన చక్కనిదే. కాని ఒక రోగి మరణింపగా మోషరు ఆ పద్ధతిని విడిచెను. కోత హద్దు మీరినచో ఉమ్మి రొమ్ములోనికి దిగి విషమించును. నాడు దానికి తగిన మందులు లేవు. 1960లో స్వీడను వైద్యులు డోల్మను, మాట్సనులు విద్యుత్తుతో కాల్చి కోయు విధానమును ప్రకటించిరి. 1993లో బెల్జియము, ఇంగ్లండు దేశముల వైద్యులు, గోడను కోయుచునే రెండంచులను లోహపు కుట్లతో మూయు పరికరమును వాడిరి. తరువాత వంగెడు గొట్టముతోడి చికిత్సయు వచ్చినది. ఇది మన దేశమునను జరుగుచున్నది. మెడపై గాయముండదు. పెక్కుమంది కొలదిదినములలోనే మెత్తని ఆహారము తినగలరు.

ఇది అందరికిని సరిపడదు. నోరు చాలినంత తెరువలేనివారికిని, మెడ వెనుకకు వంగనివారికిని బిరుసు గొట్టము దిగదు. కొందరికి బాధ మరల రావచ్చును. చిన్నదై బాధింపని తిత్తిని కదలింప నక్కరలేదు.

బేరియమను తెల్లని ద్రవమును మ్రింగించి ఎక్సురే తీసినచో తిత్తి స్పష్టముగా కనబడును. ఏ కారణముచేతనైనను గొంతులో గొట్టము వేయుటకు ముందు ఈ గురుతులను వైద్యునకు తప్పక తెలుపుడు. తెలియక వేసిన గొట్టము తిత్తిలోనికి పోయి దాని అడుగును చీల్చవచ్చును.