చేతికర్ర తొడుగు



మొన్న జారిపడి తడినేలను తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు చేతికర్ర అడుగున అరిగిన రబ్బరు తొడుగుది.

వట్టి రబ్బరుకు బలం చాలదు. అందుకే పొడులు కలుపుతారు. కార్బన్ బ్లాక్ అనే సన్నని మసి తగుపాళ్లలో కలిస్తే అరుగుదలకు, చిరుగుదలకు ఓర్చుకుంటుంది, ఎండనూ తట్టుకుంటుంది. తొలినాటి మోటారు టైర్లు తెల్లనివే. మసి కలిశాకే మన్నిక పెరిగింది. చవకకోసం సుద్దపొడి కుక్కితే గట్టిపడుతుంది గాని బలం రాదు, వంచితే చిట్లుతుంది. నలుపు చూసి మోసపోకండి, రంగుకు చిటికెడు మసి చాలు.

ఎంత మంచి రబ్బరైనా గాలికి, ఎండకు ముసలిదవుతుంది, మనలాగే. నెలకొకసారి తొడుగు వంచి చూడండి. పగుళ్లున్నా, అడుగు గీతలు అరిగినా మార్చండి. సురక్షా గ్యాసు ట్యూబునైనా అయిదేళ్లకు మార్చాలి. ఈ వయసులో విరిగిన తుంటి కంటే కొత్త తొడుగు చవక.