చెవులు వినపడకపోతే ప్రయాణం ఆగవలసిందేనా?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ దేశాలకు మనిషిని పంపిన కుటుంబాలు ఈ సభలో చాలానే ఉన్నాయి. 2023లో మన గన్నవరం నుంచే హజ్ యాత్రికులు విమానమెక్కారు. కాబట్టి విదేశ ప్రయాణం మనకు వింత కాదు. కాని ఇంట్లో వినికిడి లేని బిడ్డ ఉంటే మాత్రం "వాడెక్కడికి పోగలడండీ?" అనేస్తాం. అన్నదమ్ములందరికీ పాస్‌పోర్టు ఉంటుంది, వాడికి ఉండదు. ఇది ఎంతవరకు న్యాయమో ఆలోచించమని నా మనవి.

బధిరులకు ప్రత్యేకంగా ప్రపంచ క్రీడలున్నాయి. 1924లో పారిస్‌లో మొదలైనాయి. ఇప్పుడు డెఫ్లింపిక్స్ అంటారు. అక్కడ పరుగు పందెం తుపాకి మోతతో కాదు, దీపం వెలుగుతో మొదలవుతుంది. ఆడేటప్పుడు వినికిడి యంత్రం కూడా పెట్టుకోనివ్వరు. మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ 2017లో టర్కీలోని సామ్‌సన్ నగరం వెళ్ళి, టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి కాంస్య పతకం తెచ్చింది. 2022లో బ్రెజిల్‌లో జరిగిన క్రీడలలో మళ్ళీ తెచ్చింది. అదే బ్రెజిల్‌లో హైదరాబాదు కుర్రవాడు ధనుష్ శ్రీకాంత్ రైఫిల్ షూటింగ్‌లో స్వర్ణం గెలిచాడు. వారి తల్లిదండ్రులు కూడా "ఎక్కడికి పోగలరు" అనుకొని ఉంటే ఆ పతకాలు వచ్చేవా?

అందరూ ఆటగాళ్ళు కానక్కరలేదు. మా ఆపా కొడుకు పుట్టు చెవిటి. మొదటిసారి షార్జా వెళ్ళినప్పుడు ఇంటిల్లిపాదీ నిద్రపోలేదు. విమానాశ్రయంలో "వినపడదు" అని కాగితం చూపిస్తే చక్రాల కుర్చీ తెచ్చారట! వాడు నవ్వి, తన కాళ్ళు చూపించి, నడిచి వెళ్ళాడు. గేటు మారితే బోర్డు చూసి తనే కనిపెట్టాడు. పక్కనున్న మనవూరి పెద్దాయనకు చెవులు బాగానే ఉన్నా ఇంగ్లీషు రాదు. ఆయన్ని కూడా వీడే వెంటబెట్టుకొని పోయాడు.

ఇందులో ఒక సంగతి ఉంది. భాష తెలియని దేశంలో మనమందరం చెవిటివాళ్ళమే. చూపుతో, సైగతో, కాగితంతో పని జరుపుకోవడం మనం అక్కడికి వెళ్ళి నేర్చుకోవాలి. వాళ్ళకు అది పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటే. అయితే సైగల భాష ప్రపంచమంతా ఒక్కటే అనుకోకూడదు. మన దేశంలో ఇంగ్లీషు అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు, అమెరికాలో ఒక్క చేత్తో. అయినా వేర్వేరు దేశాల బధిరులు కలుసుకొంటే మనకంటె త్వరగా ఒకరినొకరు అర్థం చేసుకొంటారు.

పంపేవారికి నాలుగు మాటలు. టిక్కెట్టు కొనేటప్పుడే వినపడదని విమాన కంపెనీకి చెప్పండి. "నాకు వినపడదు, దయచేసి వ్రాసి చూపండి" అని ఇంగ్లీషులోనూ, వెళ్ళే దేశపు భాషలోనూ వ్రాసిన కాగితం జేబులో ఉంచండి. వికలాంగుల గుర్తింపు కార్డు, వినికిడి యంత్రం, దాని బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. తెల్లవారుజామున లేవవలసివస్తే గడియారం మోగినా వినపడదు గనుక, వణికే అలారం దిండు కింద పెట్టుకోవాలి. ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో మైకులో పిలవడం తగ్గించారు. ఆ లెక్కన చెవులున్నవారికీ కళ్ళే దిక్కు.

చివరగా ఒక్క కోరిక. ఇంట్లో నలుగురూ తనతో సైగలు నేర్చి మాట్లాడితేనే ఆ బిడ్డకు బయటి లోకంలో ధైర్యం వస్తుంది. వచ్చే సంవత్సరం సభనాటికి, మన సభ్యుల ఇళ్ళలో వినికిడి లేని ప్రతి బిడ్డ చేతిలో పాస్‌పోర్టు, ప్రతి తల్లిదండ్రుల చేతుల్లో నాలుగు సైగలు ఉండాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను. ఖుదా హాఫిజ్.