అన్యాక్రాంతము కాని హక్కు

వాక్యభాగము: 1 రాజులు 21:1-19



భూమి కాగితాలలో ఒక మాట మీరు వినియుంటారు: అన్యాక్రాంతము. ఒకరి ఆస్తి ఇతరుల వశమగుట అని దాని అర్థము. కొన్ని హక్కులు అన్యాక్రాంతము కానివి. సృష్టికర్త మనుష్యులకు అట్టి హక్కులిచ్చాడని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చెప్పింది. అయినా ఆ దేశంలో 1865 వరకు మనుష్యులను అమ్మారు, కొన్నారు. మరి ఆ మాట అబద్ధమా?

నాబోతును చూడండి. అహాబు రాజు అతని ద్రాక్షతోట ఊరకే అడుగలేదు. దానికంటె మంచి తోట ఇస్తానన్నాడు, లేదా వెల ఇస్తానన్నాడు. నాబోతు ఒప్పుకొనలేదు. ధర చాలక కాదు ప్రియులారా! భూమి దేవునిది, దానిని శాశ్వతముగా అమ్మకూడదని లేవీయకాండము 25:23 బోధిస్తున్నది. అది పితరులనుండి వచ్చిన స్వాస్థ్యము. అమ్ముకొనుటకు నాబోతుకే అధికారము లేదు.

యెజెబెలు అబద్ధ సాక్షులను నిలిపి అతని చంపించింది. రాజు తోటలో అడుగుపెట్టాడు. అక్కడనే ఏలీయా ఎదురుపడి, చంపి స్వాధీనపరచుకొంటివా అని నిలదీశాడు. తోట చేతులు మారింది గాని హక్కు మారలేదు. అన్యాక్రాంతము కాని హక్కును దోచుకొనవచ్చును. అయితే దోచుకొన్నవానికి అది ఎన్నటికీ హక్కు కాదు.

భూమి విషయమే ఇట్లుంటే, దేవుని స్వరూపమందు సృజింపబడిన బిడ్డ సంగతి ఏమిటి? అప్పు తీరక కొడుకును జీతానికి కుదిర్చిన తండ్రి, "వేలిముద్ర వేశానయ్యా, మాట తప్పకూడదు కదా" అంటాడు. బిడ్డ శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందము చెల్లదని 1933లోనే చట్టము చెప్పింది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి కారణమైన అప్పును కూడా కొట్టివేసింది. చట్టము కంటె ముందే దేవుడు చెప్పాడు: ఆ బిడ్డ నీవాడు కాడు, నావాడు.

అప్పు తీసుకొన్న సహోదరుడా, నీ వేలిముద్రకు ఆ అధికారము లేదు. అప్పిచ్చిన సహోదరుడా, ఆదివారము ఆరాధనలో కూర్చుండి, సోమవారము ఆ బిడ్డచేత పశువులు మేపించుచున్నావా? నీ తోటలో ఏలీయా ఎదురుపడకముందే వానిని ఇంటికి పంపుము, బడికి పంపుము.

ప్రార్థన చేసుకొందము. తండ్రీ, నీదైనదానిని మాది అనుకొన్న పాపమును క్షమించుము. విడిచిపెట్టుటకు మాకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.