పాట, బాట, మాట
(నారాయణపేట సాహిత్య సదస్సులో అధ్యక్షోపన్యాసం)



 సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ కవుల సంచికతో మొదలుపెట్టి పాలమూరు సాహిత్యం మీద మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. మన్నించాలి. ఈ రోజు నా విషయం వేరు. చెవులు వినబడని పిల్లలు పోటీ పరీక్షలకు ఎలా చదువుతున్నారన్నది. సాహిత్య సభలో ఇదేమి సంగతి అనకండి. ఇది మొదటి నుంచి చివరిదాకా భాష సంగతే.

ఒక చిన్న పని చేయండి. పక్కవారి వైపు తిరిగి, గొంతు పెగలనీయకుండా పెదాలతోనే 'పాట' అనండి. తర్వాత 'బాట' అనండి. తర్వాత 'మాట'. ఏది ఏదో పక్కవారు చెప్పగలిగారా? చెప్పలేరు. మూడూ ఓష్ఠ్యాలే. వాటి తేడా గొంతులో, ముక్కులో ఉంది కాని పెదాల మీద లేదు. క, గ లైతే నోటి లోపలే పుట్టి లోపలే పోతాయి. అర్థశాస్త్రం మాస్టారు 'భూమి మీద పన్ను' అంటే, పెదాలు చూసే పిల్ల 'భూమి మీద మన్ను' అని రాసుకుంటుంది. మనకు నవ్వొస్తుంది. మార్కు మాత్రం ఆ పిల్లకు పోతుంది.

అలాంటి పిల్ల ఒకతె నా తరగతిలో ఉండేది. నేతపని వారి బిడ్డ. మొదటి బెంచీలో కూర్చునేది. నేను బోర్డు మీద రాస్తూ, బోర్డు వైపే తిరిగి పద్యం వివరించేవాణ్ణి. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ పిల్ల నా వీపు చూసి ఏం నేర్చుకుంటుందని ఒక్కనాడూ నాకు తట్టలేదు. డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాదు పోయింది. పెద్ద హాలు, మైకు, మూడు వందల మంది. చెవికి యంత్రం పెట్టుకుంటే మాస్టారి మాటతో పాటు ఫ్యాన్ల చప్పుడు, హాలు ప్రతిధ్వని కూడా పెరిగి వినబడ్డాయి. పక్క అమ్మాయి నోట్సు చూసి రాసుకుంది. ఆ అమ్మాయి రాని రోజు పాఠమే లేదు. నాలుగు నెలలకు తిరిగి వచ్చేసింది. వాళ్లమ్మ నాతో ఒకే మాట అన్నది: "మా పిల్లకు ఇనరాదు గని తెల్వి తక్కువ లేదు సార్."

చట్టం లేదా అంటే ఉంది. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం ఇచ్చింది, అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారికి. 2016 చట్టం మొత్తాన్ని 4 శాతం చేసింది, బధిరుల 1 శాతం నిలిచింది. సంజ్ఞా భాష కూడా మాటలాడుకునే సాధనమేనని ఆ చట్టమే రాసింది. పరీక్ష హాలుకూ నియమాలున్నాయి. 2018 ఆగస్టు 29 నాటి మార్గదర్శకాలు రాయడం కష్టమైన వారికి రాతసహాయకుణ్ణి, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇచ్చాయి. మంచిదే. కాని మన పిల్లకు చెయ్యి బాగానే ఉంది. రాయగలదు. రాయడానికి కావలసింది ఏడాది ముందు నుంచీ ఆమెకు చేరలేదు. పరీక్ష రాసే ఆ మూడు గంటల గురించి ఆలోచించినవాళ్లం అంతకు ముందరి పన్నెండు నెలల గురించి ఆలోచించలేదు.

ఆ పన్నెండు నెలలు కోచింగ్ సెంటర్ల చేతిలో ఉన్నాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ వాటికి ఇచ్చిన మార్గదర్శకాల్లో వికలాంగులకు అనువుగా ఉండాలన్న మాట ఉంది. 'అనువు' అనగానే మన కళ్లకు మెట్ల పక్కన ర్యాంపు కనిపిస్తుంది. చెవి వినబడని పిల్లకు ర్యాంపు ఏది? తెర మీద పడే అక్షరాలు. మాస్టారి పక్కన నిలబడి ఆయన మాటను సైగల్లో చెప్పే దుబాసి. ముందే చేతికి అందిన నోట్సు.

పెద్దయ్యాక వినికిడి పోయినవారికి అక్షరాలు చాలు, వారికి తెలుగు ముందే వచ్చు. పుట్టుకతో వినబడనివారి సంగతి వేరు. వారిలో ఎక్కువమంది వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఇంట్లో వాడే భాష చెవిన పడదు, సంజ్ఞా భాష ఇంట్లో ఎవరికీ రాదు. అలా పెరిగిన బిడ్డకు రాత తెలుగు రెండో భాష. దాని మీద 'కింది వాటిలో సరికానిది కానిది ఏది' అని ప్రశ్నపత్రం అడుగుతుంది. చెవులున్న మనకే తల తిరుగుతుంది.

సైగలు భాష కావని లోకం చాలాకాలం నమ్మింది. 1880లో మిలాన్‌లో కూడిన బధిర విద్యా నిపుణులు బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. వాటికి సొంత నిర్మాణం ఉందని విలియం స్టోకో 1960లో చూపించాడు. మన దగ్గర 1987 నుంచి దూరదర్శన్‌లో ఆదివారం బధిరుల వార్తలు వచ్చేవి. మనం వాటిని వింతగా చూసి ఛానల్ మార్చేవాళ్లం. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో వచ్చింది. మన తెలుగు నిఘంటువు శబ్దరత్నాకరం 1885లోనే వెలువడింది. సంజ్ఞా భాష కేంద్రం తెచ్చిన సైగల నిఘంటువు తొలి కూర్పు మాత్రం 2018 మార్చి 23న 3,000 పదాలతో వెలువడింది, 2021 ఫిబ్రవరి నాటికి 10,000 పదాలైంది. సంతోషమే. అయితే గ్రూప్స్ పాఠంలోని ముల్కీ నిబంధనలు, శాతవాహనుల పాలన, చెరువుల కింది ఆయకట్టు వంటి మాటలకు మన పిల్లలందరికీ ఒకే సైగ తెలిసి ఉండాలి. పారిభాషిక పదాలు కల్పించడం తెలుగు పండితులకు కొత్త కాదు. ఈసారి బధిరులను పక్కన కూర్చోబెట్టుకొని, వారి చేతుల్లోంచి వచ్చిన సైగనే ఒప్పుకోవాలి. మనం కల్పించి వారికి ఇవ్వడం కాదు.

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు' అని మనకో సామెత. ఆ సామెతలో శంఖం ఊదినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. తప్పంతా విననివాడిదే అనడం నారాయణపేట వాళ్లమైన మనకు మరీ తగదు. ఈ ఊరి చీరల కొట్లో ఒక పూట కూర్చోండి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. రాయచూరు నుంచి వచ్చినావిడకు తెలుగు రాకపోతే ఆమెను లోపం ఉన్న మనిషి అనరు. కొట్టాయనే కన్నడంలోకి మారతాడు. బేరం కుదరాలి కదా! పాఠం కుదరాలన్నా అంతే.

ఇది కుదిరే పనేనా? 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది దుబాసి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. కోయంబత్తూరుకు చెందిన రంజిత్ తమిళంలోనే సివిల్స్ రాసి, 2021లో వచ్చిన ఫలితాల్లో 750వ ర్యాంకు తెచ్చుకున్నారు. రాజస్థాన్‌కు చెందిన మణిరామ్ శర్మ రెండుసార్లు సివిల్స్ నెగ్గినా చెవుడు కారణంగా ఐఏఎస్ దక్కలేదు. మళ్లీ రాసి 2009లో ఐఏఎస్ సాధించారు. వీరిని మెచ్చుకొని ఊరుకుంటే తప్పు. ఒక్కొక్కరు గోడ దూకితే అది వారి గొప్ప, గోడకు తలుపు పెట్టడం మన పని.

అందుకే మూడు విన్నపాలు. టీ-శాట్ నిపుణ ఛానల్లో పోటీ పరీక్షల పాఠాలు ఇంటింటికీ వస్తున్నాయి. ప్రతి పాఠం కింద తెలుగు అక్షరాలు, మూలన దుబాసి ఉండాలని ఈ సభ తీర్మానం చేసి పంపాలి. రెండోది, స్టడీ సర్కిళ్లలో పాఠం నోట్సు ముందురోజే ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు, వినగలిగే పిల్లలకూ మేలే. మూడోది మనకు. 2019 ఫిబ్రవరి 17న పుట్టిన ఈ జిల్లా చిన్నది. ఇక్కడ డిగ్రీ చదివే బధిర విద్యార్థులెందరో లెక్క తీయడం కష్టం కాదు. వచ్చే ఏటి సదస్సు నాటికి ఆ లెక్క, ఈ వేదిక మీద ఒక దుబాసి ఉండాలి.

ఎందుకంటే ఈ రోజు లేరు. నేను చెప్పిన ఈ మాటలన్నీ ఎవరి గురించో వారికే చేరలేదు. అది నా తప్పే. అందుకని ఉపన్యాసం రాసుకోగానే ఆ పిల్లకు పంపించాను. ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఉండి మళ్లీ చదువుకుంటోంది. అంతా చదివి, 'బోర్డు వైపే తిరిగి' అన్నచోట పెన్సిలుతో గీత గీసి పక్కన రాసింది: "ఇటు తిరిగినా లాభం లేదు సార్. మీ మీసాలు పెదాలను కప్పేస్తాయి."

ముప్పై ఏళ్లు నాకు ఎవరూ చెప్పని సంగతి. ఉదయం నుంచీ నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటున్న మిత్రులకు కారణం ఇప్పుడు తెలిసే ఉంటుంది. మీసం నున్నగా గీయించుకొనే వచ్చాను.