కుక్కను ఎవరు తిప్పుతారు? గేదెకు కుడితి ఎవరు పెడతారు?

(రోగుల బంధువుల కోసం ఆసుపత్రి ప్రార్థన మందిరంలో జరిగిన సాయంకాల సమావేశంలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠం)



రోగి దగ్గర ఉండేవారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చేతులు కడుక్కోవడం, నీళ్ళు కాచి తాగడం, వేళకు తినడం ఇవన్నీ గోడల మీద బొమ్మలతో సహా రాసి ఉన్నాయి. మీరు రోజూ చదువుతూనే ఉన్నారు. కాబట్టి నేను ఇవాళ ఒక కుక్క గురించి, ఒక పిల్లి గురించి, అంట్లు తోమడం గురించి మాట్లాడతాను. నవ్వు వస్తే నవ్వండి. ఆసుపత్రిలో నవ్వకూడదని ఏ డాక్టరూ చీటీ రాసివ్వలేదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేశాను. వరండాలో మీరు ఫోనులో మాట్లాడే మాటలు వద్దన్నా చెవిన పడతాయి. రోగికి జ్వరం తగ్గిందన్న కబురు ఒక్క నిమిషం. తరవాత పది నిమిషాలు, "గేదెకు కుడితి పెట్టారా? కోళ్ళను గంప కింద కమ్మారా? కుక్క అన్నం ముడుతోందా లేదా?" ఇది చిన్న విషయం కాదమ్మా. కుట్లు విప్పకముందే, మందుల కోర్సు పూర్తికాకముందే, "పంపించేయండి సిస్టర్, మా గేదె ఇంకెవరి చేతికీ చేపడం లేదు" అని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయినవాళ్ళను నేను చూశాను. వాళ్ళలో కొందరు పుండు చీము పట్టాక తిరిగి వచ్చారు. డాక్టరు రాసిన చీటీలో గేదె పేరు ఉండదు. కానీ వైద్యం సాగాలంటే గేదె సంగతి ముందు తేలాలి.

దీనికి ఒక ఉపాయం నేను దూరదేశంలో చూశాను. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో యూటా రాష్ట్రంలో, లీహై అనే ఊళ్ళో ఉంటారు. సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన, కంప్యూటర్ కంపెనీలు బాగా పెరిగిన చోటు. మన తెలుగువాళ్ళూ కనిపిస్తుంటారు. అమ్మాయి కానుపుకని వెళ్ళి ఆరు నెలలు ఉన్నాను. పక్కింటివారు మోర్మన్లు. భర్త బడిపంతులు, భార్య లైబ్రరీలో సగంపూట పని చేస్తుంది. నలుగురు పిల్లలు, బిస్కెట్ అనే పేరుగల పెద్ద లాబ్రడార్ కుక్క, ఎవరి మాటా వినని ఒక పిల్లి. కుక్కకు బిస్కెట్ వేస్తాం గానీ బిస్కెట్ అని పేరు పెట్టడం నేను అక్కడే చూశాను.

మోర్మన్లు అంటే ఎవరని మీలో కొందరు అడగవచ్చు. 1830లో జోసెఫ్ స్మిత్ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో ప్రారంభించిన సంఘం అది. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అన్నది పూర్తి పేరు. 2018 నుంచి వారి పెద్దలు ఆ పూర్తి పేరే వాడమంటున్నారు. బైబిలుతోపాటు మోర్మన్ గ్రంథాన్నీ లేఖనంగా చదువుతారు. సిద్ధాంతాల్లో మన సంఘాలకూ వారికీ చాలా తేడాలున్నాయి. ఆ వాదంలోకి నేను పోను, అది పాస్టరుగారి పని. హైదరాబాదులోనూ విశాఖలోనూ తెల్లచొక్కా, టై, గుండె మీద నల్లని పేరుబిళ్ళ పెట్టుకుని జంటగా నడిచే కుర్రవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళు వీళ్ళే. మన దేశంలో ఆ సంఘానికి మొదటి స్టేకు, అంటే మన డయాసిస్ లాంటిది, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

తూర్పున జనం వాళ్ళను ఉండనివ్వక తరిమితే 1847లో మొదటి జట్టు దాదాపు 1,600 కిలోమీటర్లు బండ్ల మీద, కాలినడకన ప్రయాణం చేసి సాల్ట్ లేక్ లోయకు చేరింది. ఆ జట్టు లెక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. 143 మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు, గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, 19 ఆవులు, కొన్ని కోళ్ళు, 17 కుక్కలు. అంత కష్టంలోనూ ఎవరో కూర్చుని కుక్కలను లెక్కపెట్టి రాయడం నాకు భలే నచ్చింది. పిల్లుల లెక్క మాత్రం అందులో లేదు. పిల్లిని లెక్కపెట్టాలంటే అది కాసేపు ఒకచోట ఉండాలి కదా! అయితే లోయలో స్థిరపడ్డాక ఎలుకలు ఇళ్ళను ముంచెత్తాయి. అప్పుడు పిల్లి ఉన్న ఇంటిదే భాగ్యం.

మరుసటి సంవత్సరం మేరీ ఫీల్డింగ్ స్మిత్ అనే విధవరాలు పిల్లలతో అదే దారిన బయలుదేరింది. నడిదారిలో ఆమె ఎద్దు కూలబడింది. ఆమె నూనెసీసా తెచ్చి, మనిషికి చేసినట్టే ఎద్దుకూ నూనె రాయించి ప్రార్థన చేయించింది. ఎద్దు లేచి నడిచిందని ఆమె కొడుకు పెద్దవాడయ్యాక చెప్పేవాడు. ఆయనే తరవాత ఆ సంఘానికి ఆరవ అధ్యక్షుడయ్యాడు. ఎద్దు కోసం ప్రార్థనేమిటని పట్నంవాళ్ళు నవ్వవచ్చు. ఎద్దు పడితే ఇల్లు పడినట్టేనని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక పక్కింటి సంగతి. వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక అంటించి ఉండేది. ఎవరి పేరుకు ఎదురుగా వారి పని. అంట్లు ఒకరివి, చెత్తబుట్ట ఒకరిది, బట్టలు మడతపెట్టడం ఒకరిది, పిల్లి మలవిసర్జన పెట్టె శుభ్రం చేయడం పెద్దవాడిది. ఆరేళ్ళ చిన్నదానికి కూడా పని ఉంది. బిస్కెట్ గిన్నెలో నీళ్ళు పోయాలి. సగం గిన్నెలో, సగం నేల మీద పోసేది. నేల తుడవడం మాత్రం పట్టికలో ఎవరి పేరునా లేదు, అందుకని వాళ్ళ నాన్న తుడిచేవాడు. సోమవారం సాయంత్రం అందరూ కలిసి కూర్చుంటారు. 1915 నుంచి వాళ్ళ సంఘం కుటుంబాలను ఇలా చేయమని చెబుతూ వస్తోంది. ఒక పాట, ఒక ప్రార్థన, చిన్న పాఠం, తినడానికేదైనా తీపి. ఆ వారం పనుల పంచాయితీ కూడా అప్పుడే. నేను చూసిన సోమవారాల్లో ప్రార్థన రెండు నిమిషాలైతే, అంట్లు ఎవరివన్న వాదన ఇరవై నిమిషాలు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే.

వాళ్ళు స్థానిక సంఘాన్ని వార్డు అంటారు. స్త్రీలందరినీ సిస్టర్ అని పిలుస్తారు. వార్డు, సిస్టర్! రిటైరయ్యాక కూడా నన్ను వదలవా ప్రభువా అనుకున్నాను. ఇంకో వింత, వాళ్ళ వార్డుకు పెద్ద అయిన బిషప్‌కు జీతం ఉండదు. అంగీ, దండం ఏమీ ఉండవు. ఆ వార్డు బిషప్‌గారు పళ్ళ డాక్టరు. శనివారం గుడి ఊడ్చే వంతు వస్తే ఆయనా చీపురు పట్టుకుంటాడు. మన దగ్గర బిషప్‌గారు వస్తున్నారంటే ముందురోజు మనం ఊడుస్తాం.

నాకు కష్టమనిపించింది ఒక్కటే, కాఫీ. వాళ్ళింట్లో కాఫీ, టీ ఉండవు. సారా, పొగాకు అసలే ఉండవు. పొద్దున్నే ఆ ఇంటికి వెళితే వేడి చాక్లెట్ పాలు ఇచ్చేవారు. నేను తాగి, ఇంటికొచ్చి నా డికాషను నేను పెట్టుకునేదాన్ని. చల్లని కోలాలు మాత్రం చాలామంది తాగుతారు. మీ డాక్టరు చక్కెర తగ్గించమన్నవారైతే ఈ విషయంలో వాళ్ళను అనుసరించవద్దు.

ఈ నియమం పుట్టిన కథ నాకెంతో ఇష్టం. దాన్ని బ్రిగమ్ యంగ్ అనే వారి పెద్ద తరవాతి రోజుల్లో చెప్పాడు. 1833లో ఒహాయో రాష్ట్రం కర్ట్‌లాండ్‌లో ఒక దుకాణం మీది చిన్నగదిలో సంఘం మగవాళ్ళు పాఠాలకు చేరేవారు. పొగతాగడం, పొగాకు నమలడం, నేలంతా ఉమ్మడం. ఆ నేల కడిగే పని జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మాది. ఆమె సణిగింది, ఆయన ఆలోచనలో పడ్డాడు. ఆ ఫిబ్రవరి 27న ఆరోగ్య నియమం వెలువడింది. నేల కడిగే మనిషి నోరు తెరిచి చెప్పబట్టి అంత పెద్ద మార్పు వచ్చింది. మన ఆసుపత్రి మెట్ల మూలల్లో ఎర్రగా ఉమ్మేవారు కూడా కడిగే ఆయమ్మ మొహం ఒక్కసారి చూడండి.

కాలిఫోర్నియాలో నియమంగా జీవించే మోర్మన్లను పాతికేళ్ళు గమనించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మామూలు తెల్లవారికంటే వాళ్ళ ఆయుర్దాయం ఎక్కువని తేలింది. అది కాఫీ మానడం వల్లనే అనుకోకండి. పొగ తాగరు, కుటుంబంతో ఉంటారు, ప్రతివారం నలుగురిని కలుస్తారు. అన్నీ కలిసిన ఫలం అది. కాఫీ తాగేవారు నిశ్చింతగా తాగండి, చుట్ట మాత్రం పారేయండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేనున్న నాలుగో నెలలో పక్కింటాయనకు నడుములో డిస్క్ జారి ఆపరేషను అయింది. కొన్ని వారాలు వంగకూడదు, బరువులెత్తకూడదు, ఏదీ లాగకూడదు. బిస్కెట్ బరువు ముప్ఫై కిలోలు పైమాటే. రోజూ దాన్ని తిప్పేది ఆయనే. గొలుసు చూస్తే చాలు, మనిషిని ఈడ్చుకుపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆయన మంచం మీద పడుకుని ఆలోచిస్తున్నది వెన్నెముక గురించి కాదు. కుక్క తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది, ఎలాగైనా లేచి ఒక్క చుట్టు తిప్పుకొస్తానని పట్టు. లేచి ఉంటే కుట్ల గతి ఏమయ్యేదో నర్సుగా నేను చెప్పగలను.

ఆవిడేమో ఊరందరికీ సాయం చేసే మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా మొదట వెళ్ళేది ఆమే. తీరా తన ఇంటికి కష్టమొస్తే, "ఏమైనా కావాలా?" అని అడిగినవారందరికీ "అబ్బే, ఏం వద్దు, బాగానే ఉన్నాం" అని జవాబు. చూస్తే మూడు రోజులుగా తల దువ్వుకోలేదు. మన ఇళ్ళలో కోడళ్ళు, పెద్దకూతుళ్ళు ఇచ్చే జవాబూ అదే కదమ్మా!

వాళ్ళలో ఒక ఏర్పాటు ఉంది. సంఘంలో ప్రతి ఇంటిని ఒకరిద్దరికి అప్పగిస్తారు. వాళ్ళు ఆ ఇంటి మంచిచెడ్డలు కనుక్కుంటూ ఉండాలి. 1842లో ఇరవైమంది స్త్రీలతో మొదలైన ఉపశమన సమాజం అనే మహిళా సంఘం కూడా తోడుంటుంది. అలా వచ్చిన ఒక పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, "ఏమైనా కావాలా?" అని అడగలేదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి పట్టిక చదివింది. ఇంటాయన పేరుకు ఎదురుగా ఉన్న పనులు నాలుగు. వాటిలో కుక్కను తిప్పడం మీద వేలు పెట్టి, "ఇది నాది, పొద్దున ఏడింటికి వస్తాను" అంది. బిస్కెట్ ఆవిణ్ణి ఈడ్చుకుపోతుందేమోనని నాకు భయం. ఏమీ కాలేదు. ఆవిడ జేబులో వేయించిన మాంసం ముక్కలుండేవి. కుక్క గొర్రెపిల్లలా పక్కన నడిచేది. రెండోపని, మంచు ఎత్తిపోయడం, పళ్ళ డాక్టరు బిషప్‌గారు తీసుకున్నాడు. మూడోది అంట్లు, ఒక కాలేజీ కుర్రాడు. నాలుగోది చిన్నపిల్లను బడి నుంచి తేవడం, దానికి మా అల్లుడు పేరిచ్చాడు. ఆ రాత్రి పక్కింటాయన మందు లేకుండా నిద్రపోయాడని ఆవిడ మరునాడు చెప్పింది.

భోజనాలూ వచ్చాయి. వాళ్ళకు ఆలుగడ్డలు, చీజు, క్రీము కలిపి, పైన కార్న్‌ఫ్లేక్స్ చల్లి చేసే వంటకం ఒకటుంది. చావు ఇళ్ళకు ఎక్కువగా తీసుకెళతారు కనుక దాని పేరే చావు ఆలుగడ్డలు! ఆపరేషనైన ఇంటికి ఆ పేరుగల వంటకం మన దగ్గర తెస్తే తలుపు తీయరు. మూడు రోజుల్లో నాలుగు పళ్ళేలొచ్చాయి. రుచిగానే ఉంది, కానీ మంచం మీదున్న మనిషికి అది రోజూ పడదు. మలబద్ధకం వస్తే నడుము కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మీకు కూడా బంధువులు సంచులతో స్వీట్లు, బజ్జీలు తెస్తారు. ఏం తేవాలో ముందే చెప్పండి. ఇడ్లీ, పెరుగన్నం, పండు. చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

వాళ్ళు నెల మొదటి ఆదివారం రెండుపూటలు ఉపవాసముండి, ఆ భోజనాల ఖర్చు పేదలకిస్తారు. అయితే ఆరోగ్యం బాగాలేనివారు ఉండనక్కరలేదని వాళ్ళే చెబుతారు. ఆవిడా ఆ నెల ఉండలేదు. రోగికోసం మొక్కుకుని మంచం పక్కన పస్తులుండే అమ్మలకు ఇది చెబుతున్నాను. ముఖ్యంగా చక్కెరజబ్బు మాత్రలు వేసుకునేవారు. ఒకే మంచానికి ఇద్దరు రోగులయితే మా సిస్టర్లకు కష్టం.

మనకు ఫ్రిజ్ మీద పట్టిక లేకపోవచ్చు. ఒక చీటీ చాలు. ఇంటిదగ్గర రోగి చేసే పనులేమిటో రోగినే అడిగి రాయండి. పాలు పిండడం, కరెంటు బిల్లు, మనవణ్ణి బడికి పంపడం, పొలంలో మోటారు వేయడం. ఎవరైనా వచ్చి "ఏమైనా కావాలా" అంటే ఆ చీటీ చేతికివ్వండి. గేదె కొత్త చేతికి చేపడానికి నాలుగైదు రోజులు పడుతుంది. కాబట్టి ఆపరేషను తేదీ ఇవ్వగానే, మీ వంతు మనిషిని ముందుగా పక్కన కూర్చోబెట్టుకుని పిండించండి. పని ఎవరు తీసుకున్నారో పేరుతో సహా రోగికి చెప్పండి. "అంతా బాగుంది, నువ్వు పడుకో" అంటే ఏ ఇంటి యజమానీ నమ్మడు.

జంతువుల విషయంలో మరో రెండు మాటలు. గర్భిణీలు, క్యాన్సరు మందులు తీసుకునేవారు పిల్లి మలం శుభ్రం చేయకూడదు, ఆ పని మరొకరికి ఇవ్వండి. మా అమ్మాయి పక్కింటికి వెళ్ళినప్పుడల్లా ఆ పెద్దవాడు పెట్టెను గరాజులోకి తీసుకెళ్ళేవాడు, ఎవరూ చెప్పకుండానే. ఇంటికెళ్ళాక గాయం మానేవరకు కుక్కను, పిల్లిని మంచమెక్కనివ్వకండి. వాటిని ముట్టుకున్న చేత్తో కట్టు ముట్టకండి. కుక్క కరిచినా, పిల్లి గీరినా, పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు. పసుపు, కారం, సున్నం పూయవద్దు. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. మీ కుక్కకు ఏటేటా టీకా వేయించండి.

పక్కింటాయన ఆరో వారంలో నడక మొదలుపెట్టాడు. బిస్కెట్ మాత్రం ఆయనతో వీధి మలుపుదాకా వెళ్ళి, ఆ పెద్దావిడ గుమ్మం ముందు చతికిలబడేది. మాంసం ముక్క వస్తేగాని కదలదు. నేను తిరిగొచ్చేనాటికి ముగ్గురూ కలిసే నడుస్తున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఆ తాతగారి చెయ్యి చాలాసేపటి నుంచి లేచే ఉంది.